విప్పిన బోల్టు విప్పిన చోటే

“మిగిలింది కూడా పడుతుందేమో చిన్నమ్మాయ్!”

డెయిరీ గేటు ఇంకా కనబడనైనా లేదు, ఆ మాట పైకి అనేశాను. కారు నడుపుతున్న మా ఆడపడుచు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే నవ్వింది.

“బయల్దేరినప్పట్నుంచీ నువ్వు పడిపోతాయన్నవన్నీ గుర్తుపెట్టుకుంటున్నా వదినా. ముందు కరెంటు స్తంభం. తర్వాత సైకిలు మీద పోయే పెద్దాయన. ఆ తర్వాత ఎదురొచ్చిన లారీలో గడ్డి. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి.”

“నీకు నవ్వులాటగా ఉంది. గుండె నాది.”

“గుండె నీదే. మేనల్లుడు నాక్కూడా ఒక్కడేగా” అంది. ఆ ఒక్క మాటకి నేను పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. ఇలాంటి ఆడపడుచు ఎంతమందికి ఉంటుంది!

ఇంట్లో ఆమె చిన్నమ్మాయి. బయట అందరూ ‘భూతద్దం’ అంటారు. పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు పట్టుకునే డిటెక్టివ్. మావాణ్ణి స్టేషన్‌కి తీసుకుపోయారని నేను ఫోన్లో ఏడిస్తే, చేతిలో ఉన్న పని అక్కడే వదిలేసి వచ్చింది. మా ఆయన లారీ తీసుకుని ఎక్కడో దూరాన ఉన్నారు, రేపటిగ్గానీ రారు. ఈలోగా నాకు దిక్కు ఈమే.

జరిగింది ఇదీ. ఆ డెయిరీలో పాత పశువుల షెడ్డు ఉంది. మొత్తం ఇనుప స్తంభాలు, ఇనుప దూలాలు. దాన్ని జాగ్రత్తగా విప్పి వేరే చోట మళ్ళీ నిలబెట్టాలని ఒక మేస్త్రీ బృందం పనిలోకి దిగింది. మావాడు ఆ బృందంలో బోల్టులు విప్పే పని చేస్తాడు. మొన్న పొద్దున క్రేను ఒక దూలాన్ని ఎత్తగానే రెండు స్తంభాల మొదటి ఫ్రేము ఊగి పడిపోయింది. మావాడు సరిగ్గా దాని కింద ఉన్నాడు. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి వాణ్ణి ఒక్క తోపు తోశాడు. మావాడికి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. ఇనుము ఆయన మీద పడింది. కాలు విరిగింది, పక్కటెముకలు విరిగాయి.

ఆ మహానుభావుడికి దణ్ణం పెట్టుకోవాల్సిన పూట, ఇన్‌స్పెక్టరు వచ్చి మావాడి చెయ్యి పట్టుకున్నాడు. ఫ్రేములు పడిపోకుండా వాటి మధ్య ఇంటూ గుర్తులా వేసిన అడ్డకడ్డీలుంటాయట. వాటి బోల్టులు ఎవరో ముందే విప్పేశారట. ముందురోజు సాయంత్రం మావాడికి, మేస్త్రీకి గొడవైంది కాబట్టి ఆ పని మావాడిదేనట. ఇవాళ సాయంత్రం లోపల కోర్టుకి తీసుకుపోతానన్నాడు. కాదని చెప్పగలిగింది ఒక్క మేస్త్రీయే. ఆయనేమో ఆస్పత్రిలో కళ్ళు తెరుచుకునే ఉన్నాడు, మాట్లాడ్డం లేదు.

*

షెడ్డు పైన రేకులు లేవు. గోడ రేకులూ తీసేశారు. ఇనుప ఎముకలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఈ చివర ఒక ఫ్రేము నేలమీద పడి ఉంది.

మా ఆడపడుచు పడిపోయిన ఫ్రేము దగ్గరికి వెళ్ళలేదు. ముందు, పక్కన పేర్చి పెట్టిన దూలాల దగ్గర కూర్చుంది. ఒక్కొక్కదాని చివర వేలితో తడిమింది.

“వదినా, ఇవి చూడు. ప్రతి చిల్లులోనూ బోల్టు ఉంది. నట్టు కూడా బిగించి ఉంది.”

“విప్పేసినవే కదా? మళ్ళీ ఎందుకు బిగించారు?”

“పొద్దున స్టేషన్లో మనవాడు చెప్పాడు. విప్పిన బోల్టు విప్పిన చోటే పెట్టి నట్టు తిప్పాలి, అది ఆ మేస్త్రీ చట్టం. షెడ్డు మళ్ళీ నిలబెట్టేటప్పుడు ఏ ఇనుముకి ఆ బోల్టు దానితోనే రావాలి. అసలు గొడవ కూడా దానిమీదే. మనవాడు సోమరితనం కొద్దీ కొన్ని బోల్టులు జేబులో వేసుకున్నాడు. అందరి ముందూ ఆయన కడిగేశాడు. వీడు రోషంగా, రేపట్నుంచి మీ షెడ్డు మీరే విప్పుకోండి అన్నాడు.”

“అంత మాట అన్నాడా! ఎవరి నోరు వచ్చిందో వీడికి.”

“నీ నోరే” అంది మా ఆడపడుచు, ఇప్పుడు పడిపోయిన ఫ్రేము వైపు నడుస్తూ. “టార్చి ఇవ్వు.”

పట్టపగలు టార్చి ఎందుకని పొద్దున నన్ను వెక్కిరించింది తనే. సంచిలోంచి తీసిచ్చాను. దూది, కట్టుగుడ్డ కూడా ఉన్నాయని చెప్పాను. వద్దంది.

స్తంభం మొదట్లో అడ్డకడ్డీ ఒకటి వంకరపోయి ఉంది. దాని చివరి చిల్లులో బోల్టు లేదు. బోల్టుకి బదులు తీగ చుట్టి, మెలిపెట్టి ఉంది. ఆ తీగ తెగిపోయింది. పైన గడ్డి కప్పి ఉండటంతో దగ్గరికొస్తేగానీ కనిపించదు.

“ఈ బృందం తాళ్ళు వాడుతుంది. తీగ వాడదు” అని గొణిగింది. తర్వాత నేలమీద దాదాపు బోర్లా పడుకుంది. “వదినా, ఇలా రా. భయపడకు, పడిపోయింది మళ్ళీ పడదు.”

వంగి చూశాను. బురదలో ట్రాక్టరు టైర్ల గుర్తులు. రెండు స్తంభాల మధ్యనుంచి లోపలికి వెళ్ళాయి. పడిపోయిన దూలం ఆ గుర్తుల మీద పడి ఉంది.

“వాన ఎప్పుడు పడింది?”

“గొడవ జరిగిన రోజు సాయంత్రం. ఆరేసిన బట్టలన్నీ తడిశాయి, నాకు బాగా గుర్తు.”

“అయితే ఈ ట్రాక్టరు వాన తర్వాత వచ్చింది, ఫ్రేము పడకముందు వెళ్ళిపోయింది. మొన్న తెల్లవారుజామునన్నమాట, మేస్త్రీ బృందం పనిలోకి దిగకముందు. ముందు వాకిట్లో క్రేను అడ్డంగా ఉంది. పక్కనుంచి పోదామంటే అడ్డకడ్డీలున్నాయి.” లేచి మోకాళ్ళు దులుపుకుంది. “కడ్డీ విప్పితే దారే.”

*

ట్రాక్టరు కొత్త షెడ్డు ముందు ఉంది. డ్రైవరు దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. పాతికేళ్ళుంటాయి. మమ్మల్ని చూసి తుడిచిన చోటే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

“మొన్న పొద్దున ఈ ట్రాక్టరు ఎక్కడుంది?” అంది మా ఆడపడుచు.

“ఇక్కడే మేడమ్. కదల్లేదు. బ్యాటరీ వీకు.”

“పాపం. మరి పాత షెడ్డులో ఉండాల్సిన దాణా బస్తాలు ఈ కొత్త షెడ్డులోకి ఎలా వచ్చాయి? గేదెలు మోసుకొచ్చాయా?”

“ముందురోజే తోలేశాం మేడమ్. వానకి ముందు.”

“పనివాళ్ళు సాయంత్రం దిగిపోయేటప్పుడు బస్తాలు లోపలే ఉన్నాయట. రేకులు లేని షెడ్డు కదా, తడుస్తాయని టార్పాలిన్ కప్పింది మా మేనల్లుడే. ఆ తర్వాతే వాన.”

డ్రైవరు గుడ్డని చేతుల్లో పిండుతూ మెల్లిగా అడిగాడు: “మావయ్యకి ఎలా ఉంది మేడమ్?”

“ఏ మావయ్య?”

“మేస్త్రీగారండీ. మా ఆవిడ వాళ్ళ నాన్న.”

మా ఆడపడుచు కనుబొమలు పైకి లేచాయి. “అల్లుడివా! రెండ్రోజులైంది, చూడ్డానికి వెళ్ళలేదా?”

“పని... ఖాళీ లేక...”

నాకు ఇవేం పట్టలేదు. ఆయన అల్లుడని వినగానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేశాను. “బాబూ, మీ మావయ్య నా కొడుక్కి ప్రాణం పోశాడు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. నీ కడుపున పుట్టిన బిడ్డలు నూరేళ్ళు బతకాలి.”

అతను దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు. “నాకెందుకమ్మా దణ్ణం... నాకొద్దు” అని ట్రాక్టరు వెనక్కి వెళ్ళిపోయాడు. గుడ్డ కిందపడినా తీసుకోలేదు.

మా ఆడపడుచు నా భుజం మీద చెయ్యి వేసింది. “వదినా, నేను గంటసేపు అడిగినా రాబట్టలేనిది నువ్వు ఒక్క దణ్ణంతో రాబట్టావు.”

“నేనేం అడగలేదే?”

“అదే మరి.”

*

మేము షెడ్డు రెండో చివరకి వెళ్ళబోతుండగా జీపు వచ్చింది. వెనకే క్రేను. జీపులోంచి ముందు ఇన్‌స్పెక్టరు దిగాడు, తర్వాత మావాడు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు.

“ఏమైనా తిన్నావా నాన్నా?”

“తిన్నానమ్మా. అత్తా, అమ్మని ఎందుకు తీసుకొచ్చావ్? వాతావరణ కేంద్రం ఇది. ఊరంతా తుఫాను హెచ్చరిక ఇచ్చేస్తుంది.”

ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకున్నాడు. ఆయనా, మా ఆడపడుచూ ఒకప్పుడు ఒకే స్టేషన్లో పక్కపక్క కుర్చీల్లో పనిచేసినవాళ్ళే. “భూతద్దంగారు వేంచేశారా? నా సీన్లో మీకేం పని మేడమ్?”

“మీరు చూడనిది చూద్దామని. ఆ ఫ్రేము కింద ట్రాక్టరు గుర్తులు ఉన్నాయి ఇన్‌స్పెక్టర్‌గారూ.”

“డెయిరీలో ట్రాక్టరు గుర్తులు కాకపోతే విమానం గుర్తులుంటాయా?”

“వానకీ ఫ్రేము పడటానికీ మధ్య పడ్డ గుర్తులు. ఆ కడ్డీకి బోల్టు లేదు. ఈ బృందంలో ఎవరు విప్పినా బోల్టు అదే చిల్లులో ఉండేది.”

“బోల్టులు జేబులో వేసుకునే అలవాటు మీ మేనల్లుడికుంది కదా. అందరూ చెప్పారు.” ఆయన వేలు మావాడి వైపు తిప్పాడు. మావాడు తల దించుకున్నాడు.

“జేబులో వేసుకునేవాడు తీగ ఎందుకు కడతాడు? విప్పదలుచుకున్నవాడైతే కడ్డీ తీసి పక్కన పడేస్తాడు. విప్పలేదని నమ్మించాలనుకున్నవాడే తీగ చుట్టి గడ్డి కప్పుతాడు.”

“కూల్చాలనుకున్నవాడు కూడా అదే చేస్తాడు మేడమ్.”

“మరైతే వాడే దాని కింద ఎందుకు నిలబడ్డాడు సార్?” అన్నాను. మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు.

ఇన్‌స్పెక్టరు నావైపు చూసి ఒక క్షణం తడబడ్డాడు. తర్వాత గొంతు పెంచాడు. “తల్లులు అడిగే ప్రశ్నలకి జవాబులు చెప్పుకుంటూ పోతే కేసులు నడవవమ్మా. ఆ రోడ్డువైపు చివర కూడా ఇలాంటి కడ్డీలే ఉన్నాయి. మీవాడు మొన్న ఏం చేశాడో అక్కడ చేసి చూపిస్తాడు. క్రేను దూలం ఎత్తుతుంది. ఎవరెక్కడ నిలబడ్డారో నేను చూస్తాను.”

“ఆ చివర నేనింకా చూడలేదు” అంది మా ఆడపడుచు.

“చూడక్కర్లేదు. ఇది పోలీసు పని. ఇద్దరూ గేటు బయటికి నడవండి.”

“సార్, మీకు దణ్ణం పెడతాను” అన్నాను. “వాడు చేసి చూపిస్తే చూపించనీండి. దాని కింద మాత్రం ఎవర్నీ నిలబెట్టకండి. మీరు కూడా నిలబడకండి. మీకూ పిల్లలుంటారు.”

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. కానిస్టేబుల్ మమ్మల్ని గేటుదాకా సాగనంపాడు. కారెక్కుతూ వెనక్కి చూసి అరిచాను: “ఒరేయ్, దూరంగా నిలబడు! నిలబడకపోతే ఇంటికొచ్చాక చెబుతా నీ సంగతి!”

మావాడు సిగ్గుతో ముఖం తిప్పుకున్నాడు.

*

ఆస్పత్రి దగ్గరే. కారాపి మా ఆడపడుచు అంది: “వదినా, విను. ట్రాక్టరు ఎవరు తోలారో మేస్త్రీకి తెలుసు. అందుకే నోరు విప్పడం లేదు. నోరు విప్పితే అల్లుడు లోపలికి పోతాడు. విప్పకపోతే మనవాడు పోతాడు.”

అప్పటికిగానీ నాకు అర్థం కాలేదు. నా కొడుకు కోసం ఒళ్ళు అడ్డం పెట్టిన మనిషి, తన కూతురి కోసం నోరు కట్టేసుకున్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆయన స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్ని?

వార్డులో కిటికీ పక్క మంచం ఆయనది. కాలు కట్టు కట్టి ఎత్తులో వేలాడదీశారు. పక్కన కూతురు కూర్చుంది, ఒళ్ళో పసిపిల్ల నిద్రపోతోంది. మేము ఎవరిమో చెప్పగానే ఆ అమ్మాయి లేచి నాకు స్టూలు వేసింది.

“రెండ్రోజులుగా ఇంతేనండీ. డాక్టరుగారేమో మాట రావడానికి ఇబ్బందేం లేదంటున్నారు. నాతో కూడా ఒక్క ముక్క మాట్లాడ్డం లేదు.”

నేను స్టూలు మీద కూర్చోలేదు. ఆయన బాగున్న పాదం రెండు చేతులతో పట్టుకున్నాను. పనిచేసి పనిచేసి రాయిలా అయిపోయిన పాదం.

“అన్నయ్యగారూ, నేను ఆ కుర్రాడి తల్లిని. పొద్దున వాడు నన్ను అమ్మా అని పిలిచాడు. ఆ పిలుపు మీరు పెట్టిన భిక్షే. ఈ జన్మలో తీర్చలేను. అది చెప్పుకుందామనే వచ్చాను.”

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

మా ఆడపడుచు మంచం దగ్గరికి వంగింది. “మేస్త్రీగారూ, మొన్న తెల్లవారుజామున ట్రాక్టరు చూశారా? ఒక్క మాట చెప్పండి, చాలు.”

ఆయన ముఖం ఇటు తిప్పలేదు.

“అవునంటే తల ఊపండి.”

తల కదల్లేదు. దుప్పటి అంచుని పట్టుకున్న వేళ్ళు మాత్రం బిగుసుకున్నాయి. కూతురు ఒకసారి తండ్రినీ, ఒకసారి మమ్మల్నీ చూస్తోంది. ఆ పిల్లకి ఏమీ తెలీదని ఆ చూపులోనే తెలిసింది.

“వదిలెయ్ చిన్నమ్మాయ్” అన్నాను. “ఆయన్ని అడగొద్దు. ఒకసారి నా బిడ్డని నాకిచ్చాడు. ఇచ్చినవాణ్ణే మళ్ళీ మళ్ళీ చెయ్యిచాచి అడిగితే బాగుండదు.”

“వదినా, సాయంత్రం లోపల...”

“తెలుసు. నా ఏడుపు నేనేడుస్తాను. ఆయన్ని నిద్రపోనీ.”

దుప్పటి ఆయన భుజాల దాకా లాగి సర్దాను. ఊరికే ఉండలేని నోరు కదా నాది, సర్దుతూ సర్దుతూ లోపలి భయం బయటికి వచ్చేసింది. “ఈపాటికి దూలం ఎత్తుతుంటారో ఏమో. ఆ ఇన్‌స్పెక్టరు మావాణ్ణి మళ్ళీ అక్కడికే తీసుకొచ్చాడు అన్నయ్యగారూ. క్రేను కూడా తెప్పించాడు. మొన్న చేసింది ఆ చివర చేసి చూపించమన్నాడు. వద్దు సార్ అని బతిమాలాను, వింటేగా...”

“ఏ చివర?”

ఎవరన్నారో ఒక క్షణం తెలియలేదు. గొంతు బొంగురుగా, రాయి మీద రాయి గీసినట్టు ఉంది. మేస్త్రీ తల ఇటు తిప్పి నన్నే చూస్తున్నాడు.

“రోడ్డువైపు” అంది మా ఆడపడుచు.

ఆయన లేవబోయాడు. పక్కటెముకల నొప్పికి ముఖం నల్లబడింది. “పిల్లాణ్ణి బయటికి రమ్మనండి! అటువైపు కూడా తీగే ఉంటుంది!”

మా ఆడపడుచు అప్పటికే ఫోను తీసి నంబరు నొక్కేస్తోంది. ఆయన ఆయాసపడుతూ చెప్పుకుపోయాడు. “వాడు లోపలికి ఎట్నుంచి పోయాడో నేను చూడలేదు. రోడ్డువైపునుంచి బయటికి పోవడం మాత్రం చూశాను. మధ్యలో రేకులు పేర్చి ఉన్నాయి, బండి తిరగదు. అందుకని నేరుగా పోయాడు. అటు ఎలా పోయాడబ్బా, అడగాలి అనుకుంటూనే ఉన్నాను, ఇటు ఫ్రేము ఊగింది. విప్పాక చిల్లుకి చిల్లు కలిసి ఉండదు. బిగించలేక తీగ కట్టేసుంటాడు. పని ఆగిపోయింది కదా, ఇంక ఎవరూ లోపలికి పోరు కదా అనుకున్నానమ్మా... అందుకే నోరు మూసుకున్నాను...”

“ఎవరు నాన్నా?” అంది కూతురు.

ఆయన ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. “నీ మొగుడు చెడ్డవాడు కాదు తల్లీ. భయస్తుడు. చేసింది చెప్పడానికి భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. ఇన్‌స్పెక్టరుతో నేను చెబుతాను. ఈ అబ్బాయి తప్పేం లేదని రాసుకోమను.”

ఆ అమ్మాయి చెయ్యి విడిపించుకోలేదు. ఒళ్ళో పిల్లని గట్టిగా గుండెకి అదుముకుంది.

“ఇన్‌స్పెక్టరు ఎత్తడం లేదు” అంది మా ఆడపడుచు. మళ్ళీ నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కి స్పీకరు పెట్టింది. ఈసారి ఎత్తారు. హలో అన్న మాట రాలేదు. క్రేను ఇంజను చప్పుడు, ఎవరిదో అరుపు. ఆ వెనకే ఇనుము మీద ఇనుము కూలిన చప్పుడు వార్డంతా వినబడింది. పసిపిల్ల ఉలిక్కిపడి లేచింది.

తర్వాత ఏమీ లేదు.

ఫోను నేను లాక్కున్నాను. “నాన్నా!” అన్నాను. “ఒరేయ్, నాన్నా!”

ఇంజను కూడా ఆగిపోయింది. గాలి హోరు ఒక్కటే. మేస్త్రీ నా మణికట్టు పట్టుకున్నాడు. మా ఆడపడుచు, ఎప్పుడూ ఏదో ఒక వ్యాఖ్యానం చేసే మనిషి, కిటికీ ఊచ పట్టుకుని నిలబడిపోయింది. నేను మొక్కని దేవుడు లేడు. పేర్లన్నీ అయిపోయి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాను.

“అమ్మా.”

ఫోను ముఖానికి దగ్గరగా లాక్కున్నాను.

“అమ్మా, వింటున్నావా? నాకేం కాలేదు. నువ్వు తిడతావని దూరంగానే నిలబడ్డాను. ఇన్‌స్పెక్టరుగారు మాట వినకుండా లోపలికి వెళ్ళారు. చెయ్యి పట్టి ఇవతలికి లాక్కొచ్చాను. నా పక్కనే కూర్చున్నారు, ఆయనకింకా మాట రావట్లేదు. ఫోను ఆయన చేతిలోంచి నేనే తీసుకున్నా.” మావాడి గొంతు ఒక్కసారి చిన్నపిల్లాడిలా అయిపోయింది. “ఈసారి నువ్వన్నట్టే పడింది అమ్మా. ఎవరి మీదా పడలేదు.”